హై డిడక్టిబుల్ ప్లాన్ ఉన్న ఇంట్లో డిమెన్షియా: ఏ బిల్లు ఎవరి మీద పడుతుంది

అమెరికాలో ఉద్యోగాలు చేసే తెలుగు ఇళ్లలో నవంబరు వచ్చిందంటే, వచ్చే ఏడాదికి ఆరోగ్య బీమా ప్లాన్ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ హడావుడి. ముప్పైల్లో, నలభైల్లో ఉన్నంతకాలం చాలామంది పెద్దగా ఆలోచించకుండా హై డిడక్టిబుల్ ప్లాన్ మీద టిక్ పెట్టేస్తారు. ఏటా మొదట కొంత మొత్తం (డిడక్టిబుల్) మనమే కట్టాకే బీమా అందుకునే ప్లాన్ ఇది. ప్రీమియం తక్కువ, వైద్యఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే హెచ్‌ఎస్‌ఏ ఖాతాలో కంపెనీ కొంత డబ్బు వేస్తుంది, ఏడాదికోసారి ఫ్లూ టీకా తప్ప డాక్టరుతో పని పడదు. చిక్కంతా ఇంట్లో ఒకరికి జ్ఞాపకశక్తి జారడం మొదలైనప్పుడే. యాభై ఏడేళ్ల భర్త పదేళ్లుగా చేస్తున్న ఆఫీసు పనిలోనే తడబడుతున్నాడు. లేదా గ్రీన్‌కార్డు మీద వచ్చిన అత్తగారు స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతున్నారు. అప్పుడు అందరూ అడిగేది "ప్లాన్ మార్చేద్దామా?" అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, రాబోయే ఖర్చులో ఇన్సూరెన్సు లెక్కలోకి వచ్చేదెంత, ఎప్పటికీ రానిదెంత అని.

డిమెన్షియాకు, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే ఈ జబ్బుకు, అయ్యే ఖర్చు మూడు రకాలు. జబ్బేమిటో తేల్చే ఖర్చు, మందుల ఖర్చు, మనిషిని కనిపెట్టుకుని ఉండే ఖర్చు. డిడక్టిబుల్ గొడవ మొదటి రెండింటిదే. దానికి ఒక హద్దుంది, ఏడాదికి ఇంతకు మించి మీ జేబులోంచి పోదని చట్టమే చెబుతుంది. మూడోదానికి హద్దు లేదు. స్నానం చేయించడం, వేళకు తినిపించడం, ఇల్లు దాటి వెళ్లిపోకుండా చూసుకోవడం ఆరోగ్య బీమా దృష్టిలో వైద్యమే కాదు. ఏడాది పరిమితి మొత్తం కట్టేశాక కూడా ఈ పనులకు బీమా ఒక్క డాలరు ఇవ్వదు. ఎక్కువ కుటుంబాలు ఎమ్మారై బిల్లు చూసి బెంబేలెత్తిపోతాయి కానీ, ఇంటి పొదుపును తినేసేది మూడో ఖర్చే.

ప్లాన్ లోపలి అంకెలు

2026లో హెచ్‌ఎస్‌ఏకు పనికొచ్చే ప్లానంటే డిడక్టిబుల్ ఒక్కరికైతే కనీసం 1,700 డాలర్లు, కుటుంబానికైతే 3,400 డాలర్లు ఉండాలి. జేబులోంచి పోయే గరిష్ఠం ఒక్కరికి 8,500, కుటుంబానికి 17,000 దాటకూడదు. హెచ్‌ఎస్‌ఏలో ఏడాదికి ఒక్కరైతే 4,400, కుటుంబమైతే 8,750 వేసుకోవచ్చు. ఇందులో కంపెనీ వేసేదీ కలిసే ఉంటుంది. 55 దాటితే మరో 1,000.

కుటుంబ ప్లాన్లలో ఒక మెలిక ఉంది. కొన్నిటిలో ఇంట్లో ఒక్కరి ఖర్చు ఒక అంకె దాటగానే ఆ మనిషి వరకు బీమా పనిచేయడం మొదలుపెడుతుంది. మరికొన్నిటిలో కుటుంబ డిడక్టిబుల్ మొత్తం నిండితే తప్ప ఎవరికీ పైసా రాదు. ఇంట్లో జబ్బు ఒక్కరిదే అయినప్పుడు ఈ తేడా వేల డాలర్లది. బెనిఫిట్ల సారాంశంలో "కుటుంబ డిడక్టిబుల్" కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోవాలి. రెండో రకం ప్లానైనా సరే, ఒక్క మనిషి నెట్‌వర్క్ (బీమా సంస్థతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రులు) ఖర్చు 2026లో 10,600 డాలర్లు దాటితే ఆపైన మొత్తం ప్లానే కట్టాలి. ఇది కుటుంబ గరిష్ఠంతో సంబంధం లేని హక్కు. బిల్లింగ్ వాళ్లు దీన్ని తప్పుగా లెక్కేస్తే ఫోన్ చేసి అడగాల్సింది మీరే.

ఇక ప్లాన్ మార్చాలా అన్న ప్రశ్న. మార్చితీరాలని అనుకోవడం సహజం, లెక్క మాత్రం చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. ఉదాహరణకు ఇలా అనుకుందాం. హై డిడక్టిబుల్ ప్లాన్‌కు నెలకు 250 చొప్పున ఏడాదికి 3,000 ప్రీమియం, కుటుంబ గరిష్ఠం 9,000, కంపెనీ ఇచ్చేది 1,500. అన్నీ చెడిపోయిన ఏడాదిలో కూడా మొత్తం 10,500. డిడక్టిబుల్ తక్కువ, ప్రీమియం ఎక్కువ ఉండే పీపీఓ ప్లాన్‌కు నెలకు 600 చొప్పున 7,200, గరిష్ఠం 7,000, మొత్తం 14,200. పైగా మీరు హెచ్‌ఎస్‌ఏలో వేసే 7,250 జీతంలోంచే కోతపడితే, 22 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి పేరోల్ పన్నుతో కలిపి సుమారు 2,150 మిగులుతుంది. మీ కంపెనీ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ వేసి చూడాల్సింది ఈ లెక్కే: ఏడాది ప్రీమియం, దానికి గరిష్ఠం కలిపి, కంపెనీ ఇచ్చేది తీసేసి. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి, ఈ రెండు రాష్ట్రాలూ హెచ్‌ఎస్‌ఏకు రాష్ట్ర పన్నులో మినహాయింపు ఇవ్వవు.

హై డిడక్టిబుల్ ప్లాన్ అసలు ఇబ్బంది పెట్టేది జనవరిలో. డిడక్టిబుల్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, హెచ్‌ఎస్‌ఏలో ఇంకా ఏమీ చేరి ఉండదు, పెద్ద బిల్లు ముందే వస్తుంది. ఖాతాలో డబ్బు లేదని చికిత్స వాయిదా వేయనక్కర్లేదు. ఇప్పుడు మామూలు ఖాతాలోంచి కట్టి, రసీదు దాచుకుని, హెచ్‌ఎస్‌ఏ నిండాక తీసుకోవచ్చు. దీనికి గడువేమీ లేదు. ఒకటే షరతు, ఖర్చు జరిగిన తేదీకి ముందే ఖాతా తెరిచి ఉండాలి. అందుకే ప్లాన్ మొదలైన రోజే కొద్ది డబ్బుతోనైనా ఖాతా తెరిచి పెట్టుకోవాలి.

పరీక్షల దశలో డబ్బు ఎక్కడ జారుతుంది

ఏటా చేయించుకునే ఫిజికల్ ఉచితం కదా, అక్కడే మతిమరుపు సంగతి చెబుదామని వెళతారు. డాక్టరు ఐదు నిమిషాలు దాని గురించి అడిగితే చాలు, ఉచిత విజిట్‌తో పాటు మామూలు ఆఫీసు విజిట్ ఒకటి అదే రోజు విడిగా బిల్లవుతుంది. అది మోసం కాదు, పద్ధతే అంత. పెద్దల్లో మతిమరుపు స్క్రీనింగ్ మీద అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2020లో "సిఫార్సు చేయడానికీ వద్దనడానికీ సరిపడా ఆధారం లేదు" అని తేల్చింది. సిఫార్సు లేదు కాబట్టి ప్రైవేటు ప్లాన్లు దీన్ని ఉచితంగా ఇవ్వనక్కర్లేదు. మెడికేర్ (65 దాటినవారికి, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే బీమా) ఉన్నవారికి మాత్రం ఏటా జరిగే వెల్‌నెస్ విజిట్‌లో జ్ఞాపకశక్తి పరిశీలన భాగమే, దానికి డబ్బు కట్టే పని లేదు.

ఆ తర్వాత వరుసగా బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు, మెదడు ఎమ్మారై, న్యూరాలజిస్టు, కొందరికి జ్ఞాపకశక్తిని, ఆలోచనను వివరంగా కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష. రక్తపరీక్షలు ముందు చేయించడం వెనక డబ్బు లెక్క కూడా ఉంది. బీ12 లోపం, థైరాయిడ్ తక్కువగా ఉండటం మతిమరుపులా కనిపిస్తాయి. శాకాహార ఇళ్లలో బీ12 లోపం సాధారణం. వందల్లో తేలే సంగతికి వేలల్లో ఖర్చుపెట్టే ముందు అది చూడాలి.

ఎమ్మారై ఆసుపత్రి ఆవరణలో తీయిస్తే ఒక ధర, బయట విడిగా ఉండే ఇమేజింగ్ సెంటరులో తీయిస్తే అందులో మూడో వంతో నాలుగో వంతో కూడా కావచ్చు. డాక్టరు రాసిచ్చే ఆర్డరు మామూలుగా వాళ్ల ఆసుపత్రికే వెళుతుంది. "ఆర్డరు కాగితం నాకివ్వండి, నెట్‌వర్క్‌లో ఉన్న సెంటరులో తీయించుకుంటాను" అంటే ఇస్తారు. 2024 నుంచి ప్రతి బీమా సంస్థా అన్ని సేవలకూ ధర అంచనా చూపించే సాధనం వెబ్‌సైట్‌లో పెట్టడం తప్పనిసరి. అందులో పేరుతో కాకుండా బిల్లింగ్ కోడ్‌తో వెతికితేనే సరైన అంకె దొరుకుతుంది. కోడ్ ఏమిటో డాక్టరు ఆఫీసును అడగాలి.

న్యూరోసైకాలజీ పరీక్ష దగ్గర ఆగి చూడాలి, అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పరీక్ష నాలుగు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, బిల్లు ఒకే ముద్దగా రాదు. విశ్లేషణ మొదటి గంటకు బిల్లింగ్ కోడ్ 96132, తర్వాత ప్రతి గంటకూ 96133. పరీక్ష పెట్టేది సైకాలజిస్టే అయితే 96136, 96137, టెక్నీషియన్ అయితే 96138, 96139, ఇవి అరగంటల లెక్క. "పరీక్షకెంత?" అని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేరు. "ఒక్కో కోడ్ ఎన్ని యూనిట్లు వేస్తారు?" అని అడిగితే చెబుతారు. ఆ కాగితం పట్టుకుని బీమా సంస్థకు ఫోన్ చేసి మూడు సంగతులు తేల్చుకోవాలి. ముందస్తు అనుమతి కావాలా? ఇది మెడికల్ కింద వస్తుందా, బిహేవియరల్ కింద వస్తుందా? ఆ డాక్టరు ఆ విభాగం నెట్‌వర్క్‌లో ఉన్నారా? చాలా ప్లాన్లలో మానసిక ఆరోగ్యం వేరే సంస్థ చేతిలో ఉంటుంది. ఒక నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టరు రెండోదానిలో లేకపోతే బిల్లు నెట్‌వర్క్ బయటి లెక్కకు పోతుంది, దానికి డిడక్టిబుల్ వేరు. దగ్గర్లో నెట్‌వర్క్ డాక్టరు లేకపోయినా, నెలల తరబడి అపాయింట్‌మెంట్ దొరక్కపోయినా, బయటి డాక్టరుకే నెట్‌వర్క్ రేటు ఇవ్వమని పరీక్షకు ముందే రాతపూర్వకంగా అడగవచ్చు. దీన్ని గ్యాప్ ఎక్సెప్షన్ అంటారు. పరీక్ష అయ్యాక అడిగితే దాదాపుగా ఇవ్వరు.

పెద్దవాళ్లకు ఇంగ్లిషులో పెట్టే పరీక్ష ఇంకో గుంట. మతిమరుపును కొలిచే చిన్న పరీక్ష మోకా 30 మార్కులకు, 26 ఆపైన వస్తే మామూలు. బందరులో తెలుగు మీడియంలో ఎనిమిదో తరగతి వరకు చదువుకున్న పెద్దావిడను ఇంగ్లిషు అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో చెప్పమంటే ఏం చెబుతుంది? మార్కులు తగ్గుతాయి, తగ్గింది జబ్బు వల్లా భాష వల్లా అన్నది తేలదు, మళ్లీ పరీక్ష, మళ్లీ బిల్లు. మోకాకు తెలుగు రూపం ఉంది. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని చెప్పాలి. కొడుకో కూతురో పక్కన కూర్చుని అనువాదం చేస్తే ప్రేమకొద్దీ సాయం చేసేస్తారు, ఫలితం రెండోవైపు తప్పుతుంది.

ఇవన్నీ ఒకే క్యాలెండర్ ఏడాదిలో పడేలా చూసుకోవాలి. అక్టోబరులో ఎమ్మారై, ఫిబ్రవరిలో న్యూరోసైక్ అంటే రెండు డిడక్టిబుల్‌లు కట్టినట్టు. అప్పటికీ బిల్లు మోయలేకపోతే, లాభాపేక్ష లేని ప్రతి ఆసుపత్రికీ చట్టప్రకారం ఆర్థిక సహాయ విధానం ఉండితీరాలి. బీమా ఉన్నవారి డిడక్టిబుల్ వాటాకు కూడా చాలాచోట్ల వర్తిస్తుంది. మొదటి బిల్లు వచ్చిన 240 రోజుల దాకా దరఖాస్తు చేసుకోవచ్చు, బిల్లు అప్పటికే కలెక్షన్స్‌కు వెళ్లినా సరే.

మందులు

డిమెన్షియాకు మామూలుగా రాసే డొనెపెజిల్, మెమాంటిన్ రెండూ జెనరిక్‌లు, చవక. ఇన్సులిన్, స్టాటిన్‌ల వంటి కొన్నిటిని డిడక్టిబుల్‌తో పని లేకుండా ఇవ్వవచ్చని 2019లో పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పెట్టిన జాబితాలో డిమెన్షియా మందులు లేవు. కాబట్టి పూర్తి ధర మీదే. డిస్కౌంట్ కార్డుతో కొంటే కొన్నిచోట్ల బీమా ధరకన్నా తక్కువ పడుతుంది, కానీ అలా కట్టింది సాధారణంగా డిడక్టిబుల్‌లో జమ కాదు. ఆ ఏడాది డిడక్టిబుల్ ఎలాగూ నిండుతుందనుకుంటే బీమా మీదే కొనండి, నిండదనుకుంటే కార్డు మీద. రెండిటికీ హెచ్‌ఎస్‌ఏ డబ్బు వాడవచ్చు.

2023లో పూర్తి ఆమోదం వచ్చిన అల్జీమర్స్ మందు లెకనెమాబ్ కథ వేరు. విడుదలప్పుడు కంపెనీ చెప్పిన ధరే ఏడాదికి 26,500 డాలర్లు. మొదట్లో రెండు వారాలకోసారి ఇన్‌ఫ్యూజన్, మెదడులో వాపు, రక్తస్రావం కనిపెట్టడానికి మొదటి నెలల్లో పదేపదే ఎమ్మారైలు. జబ్బు తొలిదశలో ఉన్నవారికే ఇస్తారు. మొదలుపెట్టిన ఏడాది గరిష్ఠం నిండిపోవడం ఖాయమనుకుని, జనవరిలోనే మొదలయ్యేలా చూసుకుంటే మిగిలిన ఏడాది వైద్యమంతా ఆ గరిష్ఠం కిందికే వస్తుంది. డాక్టరు ఆలస్యం వద్దంటే మాత్రం క్యాలెండర్ కోసం ఆగకూడదు, ఈ మందుకు తొలిదశే ముఖ్యం.

కనిపెట్టుకుని ఉండే ఖర్చు, ఒక ఉత్తరం

కేర్‌స్కౌట్ సంస్థ 2024 సర్వే ప్రకారం దేశవ్యాప్త మధ్యస్థ ధరలు ఇలా ఉన్నాయి: ఇంటికొచ్చే సహాయకురాలికి గంటకు 33, 34 డాలర్లు, అడల్ట్ డే కేంద్రానికి రోజుకు 100, అసిస్టెడ్ లివింగ్‌కు ఏడాదికి 70,800, నర్సింగ్ హోమ్‌లో విడి గదికి 1,27,750. ప్రైవేటు ఆరోగ్య బీమా ఇందులో ఏమీ కట్టదు. మెడికేర్ కూడా మామూలుగా కట్టదు. ఆసుపత్రి నుంచి వచ్చాక కొద్దిరోజుల నైపుణ్య నర్సింగ్ వేరే సంగతి.

బీమా దీన్ని వైద్యం అనకపోయినా పన్ను చట్టం అంటుంది. ఒక షరతు మీద. రోగి "దీర్ఘకాలిక రోగి" అని లైసెన్సున్న వైద్య నిపుణుడు గత 12 నెలల్లో ధ్రువీకరించి ఉండాలి. దానికి దారులు రెండు. తినడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మలమూత్రాల అదుపు అనే ఆరింటిలో కనీసం రెండు 90 రోజుల పాటు సాయం లేకుండా చేసుకోలేకపోవడం ఒకటి. తీవ్రమైన మేధోక్షీణత వల్ల ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు లేకుండా గణనీయమైన పర్యవేక్షణ అవసరం కావడం రెండోది. తానే స్నానం చేసి, తానే భోంచేసే మనిషి కూడా, ఒంటరిగా వదిలితే గ్యాస్ వదిలేస్తారనో, దారి తప్పుతారనో ఉంటే ఈ రెండో దారిలో వస్తారు. చాలా కుటుంబాలకు మొదటి దారి ఒక్కటే తెలుసు. "అన్నీ ఆవిడే చేసుకుంటారు కదా" అని ఏళ్ల తరబడి అడగకుండా ఉండిపోతారు.

కాబట్టి న్యూరాలజిస్టును అడగాల్సింది ఒక పేజీ ఉత్తరం. డాక్టరు, రిజిస్టర్డ్ నర్సు, లైసెన్సున్న సోషల్ వర్కరు, ఎవరు రాసినా చెల్లుతుంది. అందులో ఉండాల్సినవి: రోగి పేరు, తేదీ, రోగనిర్ధారణ, మోకా వంటి ప్రామాణిక పరీక్ష ఫలితం, "తీవ్రమైన మేధోక్షీణత వల్ల గణనీయమైన పర్యవేక్షణ అవసరమైన దీర్ఘకాలిక రోగి" అన్న వాక్యం, దాంతో పాటు సంరక్షణ ప్రణాళిక. అంటే వారానికి ఎన్ని గంటలు ఎవరు కావాలి, ఏం చేస్తారు, డే కేంద్రమా ఇంట్లోనా అన్నది. "డిమెన్షియా ఉంది, సాయం కావాలి" అని రెండు ముక్కల్లో రాసిస్తే చాలదు, ఆ వాక్యం లేకపోవడమే ఎక్కువమంది దగ్గర కనిపించే లోపం. ఏటా కొత్త ఉత్తరం తీసుకోవాలి. జబ్బు తగ్గేది కాదని తెలిసినా చట్టం ఏడాదికోసారి అడుగుతుంది. తొలిదశలో ఉన్న స్వల్ప మేధోక్షీణతకు మాత్రం మామూలుగా ఈ ఉత్తరం రాదు, బలవంతంగా రాయించుకోవద్దు.

ఉత్తరం చేతిలో ఉంటే, ప్రణాళికలో రాసిన సహాయకురాలి జీతం, డే కేంద్రం ఫీజు హెచ్‌ఎస్‌ఏలోంచి పన్ను లేకుండా కట్టవచ్చు. హెచ్‌ఎస్‌ఏ చాలని ఖర్చును, ఐటమైజ్ చేసేవాళ్లు (స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులు విడివిడిగా చూపేవాళ్లు) ఆదాయంలో 7.5 శాతం దాటిన మేరకు పన్ను రిటర్నులో వైద్యఖర్చుగా తగ్గించుకోవచ్చు. ఒకే డాలరును రెండుచోట్లా చూపకూడదు. మనవాళ్లు తరచుగా దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి, తెలిసినావిడను నోటి మాట మీద పెట్టుకుని నగదు ఇవ్వడం. రసీదు ఉండదు కాబట్టి హెచ్‌ఎస్‌ఏకు పనికిరాదు, పైగా 2026లో ఒకరికి 3,000 డాలర్లు, ఆపైన ఇస్తే మీరు యజమాని అయినట్టే, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్టాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లను పనికి పెట్టుకుంటే ఇబ్బంది ఇద్దరికీ. రెండోది, చెల్లెలికో ఆడపడుచుకో డబ్బిచ్చి చూడమనడం. బంధువులకు ఇచ్చేది, వాళ్లు ఆ పనికి లైసెన్సున్న నిపుణులైతే తప్ప, వైద్యఖర్చు కాదు.

ఉద్యోగం చేస్తున్నవారు మర్చిపోయే ఇంకో ఖాతా డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ. ఆధారపడ్డవారిని చూసుకునే ఖర్చుకు జీతంలోంచి పన్ను లేకుండా డబ్బు పక్కన పెట్టే ఖాతా ఇది. పేరు చూసి పిల్లల డేకేర్ కోసమే అనుకుంటారు. తమ సంగతి తాము చూసుకోలేని భార్యాభర్తలకు, మీతో సగం ఏడాది పైగా ఉండే ఆధారపడ్డ పెద్దవారికి కూడా వాడవచ్చు, మీరు ఉద్యోగానికి వెళ్లగలగడం కోసం పెట్టిన ఖర్చయితే చాలు. డే కేంద్రానికి వెళ్లినా రోజుకు కనీసం ఎనిమిది గంటలు మీ ఇంట్లో గడపాలి. 2026 నుంచి పరిమితి 5,000 నుంచి 7,500 డాలర్లకు పెరిగింది. దీనికి ఆ ఉత్తరం కూడా అక్కర్లేదు, హెచ్‌ఎస్‌ఏకు అడ్డూ రాదు. వైద్యఖర్చులకు వాడే మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ మాత్రం అడ్డొస్తుంది. మీ భార్యో భర్తో తమ కంపెనీలో అది తీసుకున్నా మీరు హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేసే అర్హత పోతుంది.

అమ్మానాన్నల లెక్క

కంపెనీ ప్లాన్లలో తల్లిదండ్రులను చేర్చుకోనివ్వడం అరుదు. అయినా మీ హెచ్‌ఎస్‌ఏలోంచి వాళ్ల ఖర్చు కట్టవచ్చు, వాళ్ల పోషణలో సగానికి పైగా మీరే భరిస్తూ, వాళ్లు అమెరికా పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయితే. వాళ్లు వేరే ఇంట్లో ఉన్నా ఫర్వాలేదు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉండే తల్లిదండ్రులకు ఇది కుదరదు. డబ్బంతా మీరే పంపుతున్నా అమెరికా నివాసులు కాదు కాబట్టి చట్టం వాళ్లను మీ మీద ఆధారపడ్డవారిగా చూడదు. అక్కడి బిల్లు హెచ్‌ఎస్‌ఏలోంచి కడితే ఆదాయపు పన్ను, పైన 20 శాతం జరిమానా. సందర్శకుల బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. పాత జబ్బులకు అది పనిచేయదు, "హఠాత్తుగా తిరగబెట్టిన" అన్న మినహాయింపులో నెమ్మదిగా ముదిరే డిమెన్షియా ఇమడదు.

గ్రీన్‌కార్డు మీద వచ్చిన 65 దాటినవారు ఐదేళ్లు నిరంతరంగా ఉన్నాక మెడికేర్ కొనుక్కోవచ్చు. ఇక్కడ పని చేసిన రికార్డు సొంతంగా గానీ జీవిత భాగస్వామి తరఫున గానీ లేకపోతే పార్ట్ ఏకు (ఆసుపత్రి ఖర్చుల భాగం) 2026లో నెలకు 565 డాలర్లు, పార్ట్ బీకి (డాక్టర్ల ఖర్చుల భాగం) 202.90. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్‌కూ మామూలుగా ఐదేళ్లు ఆగాలి. ఆ ఐదేళ్ల గుంటను మార్కెట్‌ప్లేస్‌లో (ఎవరికి వారు బీమా కొనుక్కునే ప్రభుత్వ వేదిక) ప్రీమియం తక్కువుండే బ్రాంజ్ ప్లాన్‌తో పూడ్చుకునేవారు చాలామంది. ఇమిగ్రేషన్ హోదా వల్ల మెడికెయిడ్ రానివారికి ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉన్నా ప్రీమియం రాయితీ వచ్చేది, 2026 జనవరి నుంచి ఆ వెసులుబాటు పోయింది. కొడుకు వాళ్లను తన రిటర్నులో చూపిస్తే కొడుకు ఆదాయమే లెక్కలోకి వస్తుంది. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లు హెచ్‌ఎస్‌ఏకు అర్హమయ్యాయి, కానీ ఎవరి రిటర్నులోనైనా ఆధారపడ్డవారిగా చూపదగినవారు సొంత హెచ్‌ఎస్‌ఏ తెరవలేరు. కొడుకు ఖాతాలోంచి కట్టడమే దారి.

ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వమే నేరుగా నడిపేది) వచ్చాక, డిమెన్షియా ఉన్నవారి కోసం మెడికేర్ 2024 జులైలో మొదలుపెట్టిన గైడ్ కార్యక్రమం గురించి న్యూరాలజిస్టును అడగండి. అందులో చేరిన క్లినిక్ అయితే సంరక్షణ సమన్వయకర్తను ఇస్తారు, అర్హత ఉన్నవారికి చూసుకునేవారి విశ్రాంతి కోసం ఏడాదికి 2,500 డాలర్ల దాకా ఖర్చు భరిస్తారు. ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్‌లో ఉన్నవారికి ఇది రాదు, ఏ ప్లాన్ తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు చాలామందికి తెలియని తేడా ఇది.

అరవై ఐదు లోపు వచ్చిన జబ్బు: 29 నెలలు

చిన్న వయసులో వచ్చే అల్జీమర్స్ మొదట కనిపించేది ఆసుపత్రిలో కాదు, పనితీరు సమీక్షలో. మేనేజర్ హెచ్చరిక, ఆపై రాజీనామా, ఆ తర్వాత ఆరు నెలలకు రోగనిర్ధారణ. ఈ వరుస తలకిందులు కావాలి. కంపెనీ ఇచ్చే స్వల్పకాలిక, దీర్ఘకాలిక డిసెబిలిటీ బీమా ఉద్యోగంలో ఉన్నవారికే. పరీక్షలు, దరఖాస్తు రాజీనామాకు ముందే అయిపోవాలి. ఉద్యోగమే వీసాకు ఆధారమైనవారు ఇంతకన్నా ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవాలి.

పని చేయలేనివారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీకి ఎర్లీ ఆన్‌సెట్ అల్జీమర్స్ త్వరగా తేల్చే జబ్బుల జాబితాలో ఉంది. నిర్ణయం త్వరగా వస్తుంది, డబ్బు మాత్రం ఐదు నెలలు ఆగాకే, మెడికేర్ ఆపై మరో 24 నెలలకు. మొత్తం 29. ఉద్యోగం పోయాక కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా మామూలుగా 18 నెలలే. కోబ్రా మొదటి 60 రోజుల్లో ఏదో ఒక నాటికే వైకల్యం ఉన్నట్టు సోషల్ సెక్యూరిటీ, తర్వాతైనా సరే, తేలిస్తే మరో 11 నెలలు, అంటే సరిగ్గా 29 దాకా పొడిగిస్తారు. నిర్ణయం వచ్చిన 60 రోజుల్లో, 18 నెలలు ముగిసేలోపే, ఆ ఉత్తరం ప్లాన్ నిర్వాహకులకు చేరాలి. ఒక్కరోజు ఆలస్యమైనా పొడిగింపు పోవచ్చు. ధర మొదటి 18 నెలలు పూర్తి ప్రీమియంలో 102 శాతం, పొడిగించాక 150 శాతం దాకా. హెచ్‌ఎస్‌ఏలోంచి కోబ్రా ప్రీమియం కట్టవచ్చు. ఏడాది మధ్యలో మార్కెట్‌ప్లేస్‌కో భార్య కంపెనీ ప్లాన్‌కో మారితే డిడక్టిబుల్ మళ్లీ మొదటికి, కోబ్రాలో ఉంటే అప్పటిదాకా కట్టింది అలాగే ఉంటుంది. సెప్టెంబరులో ఉద్యోగం పోయినవాళ్లు ఏడాది చివరిదాకా కోబ్రాలో ఉండి జనవరికి మారడం చాలాసార్లు లాభం.

మెడికేర్ మొదలైన నెల నుంచి ఆ మనిషి హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయకూడదు. ఆరోగ్యంగా ఉన్న భార్యకు కంపెనీలో హై డిడక్టిబుల్ కుటుంబ ప్లాన్ ఉంటే, ఆమె తన పేరున ఖాతా తెరిచి కుటుంబ పరిమితి పూర్తిగా వేసుకోవచ్చు, భర్త కోసం ఖర్చుపెట్టవచ్చు. 65 దాటాక ఆలస్యంగా మెడికేర్‌లో చేరేవారికి పార్ట్ ఏ ఆరు నెలల దాకా వెనక్కి వర్తిస్తుంది, ఆ నెలల్లో వేసిన డబ్బు పరిమితి మించిన జమ అవుతుంది. ముందే ఆపేయాలి.

ఖాతాదారుకే జబ్బైతే

ధరలు పోల్చుకుని, రసీదులు దాచుకుని, తెలివిగా ఖర్చుపెట్టే మనిషిని ఊహించుకుని కట్టిన ప్లాన్ ఇది. ఈ జబ్బులో మొదట పోయేది సరిగ్గా ఆ పని చేసే శక్తే. హెచ్‌ఎస్‌ఏకు ఉమ్మడి ఖాతా ఉండదు. డెబిట్ కార్డుతో కిరాణా కొన్నా యంత్రం ఆపకపోవచ్చు, తేలేది పన్ను రిటర్నులో. కాబట్టి సంతకం అర్థమయ్యే దశలో ఉండగానే మూడు కాగితాలు కావాలి. మతి తప్పాక కూడా చెల్లే డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ, హెచ్‌ఎస్‌ఏ సంస్థ సొంత అధికారపత్రం, బీమా సంస్థ వివరాలు మీతో మాట్లాడటానికి ఒప్పుకునే హిపా ఫారం. లాయరు రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఒక్కటే చూపిస్తే చాలా సంస్థలు "మా ఫారం కావాలి" అంటాయి. ఖాతాకు నామినీగా జీవిత భాగస్వామి పేరు ఉంటే హెచ్‌ఎస్‌ఏ హెచ్‌ఎస్‌ఏగానే వారికి వెళుతుంది, పిల్లల పేరుంటే ఆ ఏడాదే మొత్తం వాళ్ల ఆదాయం కింద పన్ను పడుతుంది.

కనిపెట్టుకుని ఉండే ఖర్చు కోసమే ఉండే దీర్ఘకాలిక సంరక్షణ బీమాను ఎప్పుడో కొనుక్కున్నవారింట్లో పాత పాలసీ కాగితాలు వెతకండి. మతిమరుపు వల్లే ప్రీమియం కట్టడం మర్చిపోయి పాలసీ పోయి ఉండవచ్చు. పన్ను అర్హత ఉన్న పాలసీల్లో, అప్పటికే మేధోక్షీణత ఉందని రుజువు చూపి, రద్దయిన ఐదు నెలల్లోపు బాకీ కట్టి మళ్లీ బతికించుకోవచ్చు. పాలసీ ఇంకా నడుస్తుంటే, ప్రీమియం తప్పినప్పుడు నోటీసు వెళ్లాల్సిన రెండో మనిషిగా మీ పేరు, చిరునామా ఈ వారమే రాయించండి.